జాడీ ఇంట్లో ఉన్న క్రిస్మస్

మా చర్చిలో సంస్కారానికి వాడే ద్రాక్షరసం మా ఇంట్లోనే తయారయ్యేది. ఈ మాట చెబితే నా సంగతి తెలిసినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత నవ్వినందుకు మొహమాటపడతారు. నా సంగతి అంటే తాగుడు. మా ఊళ్లో అదేమీ రహస్యం కాదు కాబట్టి ఇక్కడ కూడా దాచను.

మాది భీమవరం దగ్గర చిన్న టౌను. నేను ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చిందంటే ఐసు కావాలి. ఏ చెరువు గట్టుకు ఏ వేళకు బండి వెళ్లాలో చూసుకోవడం నా పని. మా ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఇద్దరం లూథరన్ కుటుంబాల్లో పుట్టినవాళ్లమే. సంస్కారపు రసం పెట్టే పని వాళ్లమ్మగారి చేతి నుంచి ఆవిడ చేతికి వచ్చింది. పెళ్లయ్యాక ఆవిడతోపాటు ఆ జాడీ కూడా మా ఇంటికి వచ్చింది. కాపురానికి తెచ్చుకున్న సామానులో బీరువా తుప్పు పట్టింది, మంచం కోడు విరిగింది, జాడీ మాత్రం చెక్కు చెదరలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం, ఇంకా పెద్ద పండుగల నాడు సంస్కారం ఉంటుంది. పాఠాలూ ప్రసంగమూ అయ్యాక జనం వరసగా వెళ్లి, అప్పం, గిన్నె పెట్టే బల్ల ముందున్న కటకటాల దగ్గర మోకాళ్ల మీద ఉంటారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక్కొక్కరి చేతిలో చిన్న అప్పం పెట్టి, తర్వాత గిన్నె పెదవులకు అందిస్తారు. అందులో ఒక్క గుక్క ద్రాక్షరసం. చాలా చర్చిల్లో ఇప్పుడు దుకాణంలో కొన్న తియ్యటి రసమే పోస్తున్నారు. మాది పాతకాలపు చర్చి. ఇంట్లో పెట్టి పులియబెట్టిన రసమే ఉండాలని పెద్దల పట్టు.

నవంబరు మొదట్లో మా ఆవిడ నల్లద్రాక్ష తెప్పించి, కడిగి, పాత పంచె మీద ఆరబోసి, చేత్తో చిదిమి, పంచదార కలిపి జాడీకి ఎత్తేది. నాలుగు లవంగాలూ, గుప్పెడు గోధుమలూ వేసేది. మూతికి గుడ్డ వేసి పురికొసతో బిగించి కట్టేది. రోజూ ఒకసారి విప్పి, చెక్క గరిటెతో కలిపి, మళ్లీ కట్టేది. పండుగ దగ్గర పడ్డాక వడకట్టి, ఏడాదికి సరిపడా సీసాల్లో పోసి చర్చికి ఇచ్చేది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఆడవాళ్లు వచ్చి "ఈసారి భలే కుదిరిందండి" అంటే తల వంచుకుని కొంగు సర్దుకునేది. స్కూల్లో శాలువా కప్పి సన్మానం చేసినప్పుడు కూడా ఆవిడ మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

ఆ జాడీ మా వెనక గదిలో బియ్యం డబ్బా పక్కన ఉండేది. తాగినన్నాళ్లూ నేను దాని జోలికి పోలేదు. ఇది ఎవరూ నమ్మరు. బ్రాందీ షాపు కట్టేస్తే ఎక్కడెక్కడో వెతుక్కుంటూ పోయాను గాని, చేతికందే దూరంలో ఉన్న ఆ గుడ్డ ముడి ఏనాడూ విప్పలేదు. భక్తి అనుకోకండి, భయం. దేవుడిదన్న భయం కొంత, మా ఆవిడదన్న భయం ఎక్కువ. ఆవిడ కూడా దాన్ని ఎప్పుడూ దాచలేదు. తన గాజులు దాచేది, నా ఏటీఎం కార్డు దాచేది, బండి తాళాలు దాచేది. జాడీ మాత్రం అక్కడే ఉండేది. నా మీద ఆవిడకు మిగిలిన నమ్మకమల్లా అదొక్కటే.

కిందటేడు ఎండాకాలంలో నన్ను రాజమండ్రిలో తాగుడు మాన్పించే సెంటరులో చేర్పించారు. వానలు పడ్డాక ఇంటికి వచ్చాను. పంపించేటప్పుడు అక్కడి కౌన్సెలింగ్ మేడం నన్ను కూర్చోబెట్టి, "మీ అసలు పరీక్ష డిసెంబరులో ఉంటుందండి. పండగ నెలంతా ఎవరో ఒకరు గ్లాసు చేతికిస్తారు. బయట ఎలా తప్పించుకుంటారో మీ ఇష్టం. ఇంట్లో మాత్రం చుక్క ఉండకూడదు" అని చెప్పారు. నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను. ఇంట్లో మేం ఏం తయారు చేస్తామో ఆవిడకు చెప్పలేదు.

మా వైపు మర్యాద ఎక్కువ. తిరిగి వచ్చాక చర్చిలో ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. "ఒంట్లో కులాసాగా ఉందాండి?" అన్నారు. "మనిషి బాగా తేరుకున్నారండి" అన్నారు. నాకేదో విషజ్వరం వచ్చి తగ్గినట్టు అందరూ నటించారు, నేనూ నీరసంగా నవ్వి నా పాత్ర నేను పోషించాను.

ఒక్క హెడ్మాస్టారు మాత్రం ఏమీ అడగలేదు. ఆయన రిటైరై చాలా కాలమైంది. ఊళ్లో సగం మందికి ఆయన చేతి బెత్తం తెలుసు, నాకు బాగా తెలుసు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. చర్చిలో బైబిలు పాఠం చదివేది ఆయనే. నేను తిరిగి వచ్చిన మొదటి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర నన్ను ఆపి నా చేతిలో ఒక పొట్లం పెట్టారు.

"అల్లం మురబ్బా. సాయంత్రం పూట ఒక ముక్క బుగ్గన పెట్టుకో" అన్నారు.

బస్సుల్లో అమ్ముతారే, పంచదార పాకంలో బిళ్లలు కట్టిన అల్లం, అదే. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. అయినా పెట్టుకునేవాణ్ని. సాయంత్రం డ్యూటీ దిగాక కాళ్లు అలవాటు ప్రకారం ఎటు తిరగాలో అటు తిరిగే వేళకు నోట్లో ఆ ఘాటు ఉంటే కొంచెం నయంగా ఉండేది. ఈ కిటుకు ఆయనకెలా తెలుసని మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆయనకో అలవాటు ఉంది. సంస్కారం ఉన్న రోజు పాఠం చదువుతారు, ప్రసంగం వింటారు, జనం కటకటాల వైపు కదలగానే పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోయి గంట స్తంభం దగ్గర నిలబడతారు. అంతా అయ్యాక వచ్చి దీవెన తీసుకుంటారు. ఎన్నో ఏళ్లుగా ఇంతే. పూర్వం ఉన్న అయ్యగారితో ప్రహరీ గోడ దగ్గర మాట పట్టింపు వచ్చిందని, ఆ పంతం ఇంకా వదల్లేదని అందరం అనుకునేవాళ్లం. "పీరియడు అయిపోగానే మాస్టారు క్లాసులోంచి వెళ్లిపోతారు" అని నేను జోకులు కూడా వేశాను.

అక్టోబరు ఆఖర్న అయ్యగారు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగారు. వానల గురించీ, స్కూలు గురించీ మాట్లాడారు. లేవబోతూ అసలు సంగతి చెప్పారు.

"అమ్మా, ఈ ఏడు మీరు శ్రమ తీసుకోకండి. పెద్దలు కాకినాడ నుంచి పులిసిన రసమే సీసాల్లో తెప్పిద్దామంటున్నారు. మీకా స్కూలు పనీ, ఇంటి పనీ..."

"అలాగేనండి" అంది మా ఆవిడ.

ఆయన మాట్లాడినంతసేపూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి పాపం ఆయన పడుతున్న అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన వెళ్లాక మా ఆవిడ జాడీని పెరట్లోకి తీసుకెళ్లి పీచు పెట్టి తోమింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది. తోమి, గట్టు మీద బోర్లించి, ఆ వారమంతా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తాగే రోజుల్లో ముట్టనిదాన్ని మానేశాక ముట్టుకుంటానా? పీకలదాకా తాగి వచ్చిన ఏళ్లన్నీ వాళ్లకు మా జాడీ కావలసి వచ్చింది, ఇప్పుడు మంచినీళ్లు తాగుతుంటే అనుమానం వచ్చిందా? నా కోపానికి న్యాయం ఉందని నాకు గట్టిగా అనిపించింది. తాగడం మానేసినవాడికి ఒక పొగరు ఉంటుంది. నేను మారానని ఊరంతా ఒప్పుకోవాలి, అదీ ఈ వారమే ఒప్పుకోవాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి ఇంటికి వెళ్లాను.

"జాడీ మా ఆవిడ మా ఇంట్లోనే పెడుతుందండి" అన్నాను.

"మీ మేలు కోరే కదండీ అన్నది" అన్నారాయన.

"నా మేలు కోసం ఆవిడ సేవ తీసేస్తారా అండి?"

ఆయన నెమ్మదస్తులు. ఎదుటివాడు గట్టిగా అడిగితే కాదనలేరు. "సరేనండి, ప్రార్థన చేసుకుని మొదలుపెట్టమని చెప్పండి" అన్నారు. నేను ఏదో కేసు గెలిచినట్టు ఇంటికి వచ్చాను.

మా ఆవిడ విన్నది. "నన్నడిగేరా?" అంది.

"నీ కోసమే కదా వెళ్లింది."

ఇంకో మాట అనబోయి ఆగింది. ఆగడానికి కారణం నాకు తెలుసు. ఆవిడకు సంతోషం వచ్చేసింది. మొగుడు తన తరఫున ఒకరి గుమ్మం తొక్కి మాట్లాడడం ఆవిడ కాపురంలో అదే మొదటిసారి. ఆ సంతోషం చూసి నేను ఇంకా ఉబ్బిపోయాను. "మేడంగారికి ఒకసారి ఫోన్ చేసి అడగండి" అంది. చేశాను. మేడం అంతా విని, "అది చర్చిదని మీకు తెలుసు, మీ ఒంటికి తెలీదండి. ఇంట్లో వద్దు" అన్నారు. ఫోన్ పెట్టేసి మా ఆవిడతో "జాగ్రత్తగా ఉండమన్నారు" అన్నాను. అలా జాడీ మళ్లీ బియ్యం డబ్బా పక్కకు చేరింది.

డిసెంబరు వచ్చింది. క్రైస్తవుల వీధుల్లో డాబాల మీద నక్షత్రాలు లేచాయి. క్యారల్స్ పాడేవాళ్లు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. పండుగ ఒక్క రోజే గాని మా వైపు దానికి ముందు సెమీ క్రిస్మస్ అని ఒకటుంటుంది, ఆఫీసుకొకటి, కాలేజీకొకటి, రైసు మిల్లుకొకటి. కేకు కోస్తారు, ఒక పాట పాడతారు, తర్వాత మగవాళ్లలో కొందరు మెల్లగా పక్కకు జారుకుంటారు. మాది ఐస్ ఫ్యాక్టరీ కాబట్టి పక్క ఆఫీసులవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని మా దగ్గరికే వచ్చేవాళ్లు.

బయట తప్పించుకోవడానికి నేనొక అబద్ధం తయారు చేసుకున్నాను. కామెర్లు అని చెప్పేవాణ్ని. తాగనంటే మా వైపు ఎవరూ ఒప్పుకోరు, "నా మాట తీసేస్తారాండి?" అని బతిమాలుతారు. కామెర్లంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అయితే ఈ అబద్ధానికీ ఖర్మ ఉంది. మా దగ్గర ఐసు తీసుకునే చెరువుల ఆసామి ఒకాయన ఉన్నారు. హిందువులు, మంచి మనిషి. క్రైస్తవుల ఇంట పండుగంటే సీసా ఇవ్వడమే మర్యాదనుకుని ఏటా నాకు ఒకటి తెచ్చేవారు. ఈసారి కామెర్లనగానే సీసా కారులో పడేసి, మర్నాడు పొద్దున్నే మళ్లీ దిగారు.

"ఆయ్, మావూళ్లో పసరు మందు ఇస్తారండి. పరగడుపున తాగాలి. ఎదురుగా తాగితేగాని నేనెళ్లనండి" అన్నారు.

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. ఆ పచ్చటి చేదు గ్లాసుడు తాగాను. వరసగా మూడు పొద్దులు ఆయన వచ్చారు, మూడు పొద్దులూ తాగాను. మా ఆవిడ వంటింట్లో మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంట్లో ఆవిడ అలా నవ్వి చాలా కాలమైంది.

బయట బాగానే ఉంది. ఇబ్బంది ఇంట్లో వచ్చింది. జాడీ పెట్టిన రెండో వారం నుంచే వాసన మొదలైంది. తాగే రోజుల్లో ఆ వాసన నాకు తెలిసేది కాదు, అంతకంటే పెద్ద వాసన నా దగ్గరే ఉండేది. ఇప్పుడు తెలిసింది. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే తెలిసేది. అన్నం కలుపుకుంటుంటే తెలిసేది. ఆవిడ గుడ్డ విప్పి కలిపే వేళకు నేను వీధిలోకి వెళ్లిపోయేవాణ్ని. వెళ్లి నిలబడితే అక్కడా వాసన వస్తున్నట్టే ఉండేది. ఆవిడకు చెప్పలేదు. గెలిచి తెచ్చుకున్న జాడీ కదా, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పండుగ ఇంకో పదిరోజులుందనగా ఒక శనివారం మధ్యాహ్నం. ఏదో చెరువు పట్టుబడి వాయిదా పడి నేను తొందరగా ఇంటికి వచ్చాను. మా ఆవిడ చర్చిలో ఉంది, స్త్రీల సమాజం వాళ్లతో కలిసి పండుగకు బొమ్మలు పెట్టే పశువుల పాక కడుతోంది. మా డాబా మీద నక్షత్రం ఇంకా కట్టలేదు, కట్టమని చెప్పి వెళ్లింది. కరెంటు వైరు వెనక గదిలో ఉంది. దానికోసమే వెళ్లాను. నిజంగా దానికోసమే వెళ్లాను.

వైరు చేతిలోకి తీసుకున్నాను. తర్వాత చూసుకుంటే జాడీ ముందు గొంతుక్కూర్చుని పురికొస విప్పుతున్నాను. గుడ్డ తీయగానే వాసన మొహానికి కొట్టింది. ద్రాక్ష తొక్కలు పైకి తేలి, సన్నటి నురగ గీతలా చుట్టూ పట్టి ఉంది. గరిటె ముంచి పైకి తీశాను. నెలనెలా ఒక గుక్క తాగుతున్నదే, పండుగ నాడు అయ్యగారి చేత్తో ఎలాగూ తాగేదే కదా, పది రోజులు ముందు నా చేత్తో తాగితే ఏమవుతుందని నా బుర్ర వాదన మొదలుపెట్టింది. ఎంత బాగా వాదించిందో చెప్పలేను. గరిటె నోటి వైపు ఎత్తబోతే కొంచెం రసం నా చేతి మీద ఒలికింది.

పైనుంచి ఏ స్వరమూ వినిపించలేదు. నేను గొప్పగా ఏ ప్రార్థనా చేయలేదు. చేయి చొక్కాకు తుడుచుకున్నాను, ఎందుకంటే నాకుతానేమోనని భయం వేసింది. జేబులో ఫోన్ ఉంది. మా ఆవిడకు చేశాను.

"ఇంటికి రా" అన్నాను.

"ఏంటండి, ఏమైంది?"

"జాడీ విప్పాను. తొందరగా రా."

అంతే చెప్పి, లేచి, వీధి గుమ్మం దాటి మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఉంటే ఏం చేస్తానో నాకు తెలియదు. ఆవిడ ఆటో కూడా ఎక్కకుండా వచ్చింది, ఎండలో సగం నడిచి సగం పరుగెత్తి. చేతులకు గడ్డీ, జిగురూ, మెరుపు పొడీ అంటుకుని ఉన్నాయి. నన్నేమీ అడగలేదు. దగ్గరికి వచ్చి, వంగి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

అది ఆవిడ ఇరవై ఏళ్ల అలవాటు. రోజూ సాయంత్రం గుమ్మంలో ఇలాగే చూసేది. అప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ని, కసురుకునేవాణ్ని. ఆ రోజు నోరు తెరిచి కూర్చున్నాను. ఆవిడ ఇంకోసారి చూసుకుని, నా పక్కన మెట్టు మీద కూలబడింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. నాకు సిగ్గేసింది, భయమేసింది, ప్రాణం లేచి వచ్చినట్టూ అనిపించింది.

తర్వాత ఆవిడ లేచి లోపలికి వెళ్లి జాడీని రెండు చేతులా ఎత్తుకుంది. బరువుకు వంగిపోతుంటే నేను సాయం పట్టబోయాను. "మీరు ముట్టుకోకండి" అంది. పెరట్లోకి మోసుకెళ్లి జామచెట్టు మొదట్లో మొత్తం ఒంపేసింది.

"అది చర్చిది కదే" అన్నాను.

"చర్చిది కాదండి, నాది. అందరూ బావుందంటారని పెట్టేను. ఇంట్లో వద్దని నాకు తెలీదా? మీరు నా కోసం వెళ్లి మాటాడేరని మురిసిపోయి నోరు మూసుకున్నాను. అనాల్సింది నన్నండి."

పక్కింటి కోళ్లు వచ్చి తొక్కలు పొడవబోతే వాటిని కూడా అదిలించింది. నేను పార తెచ్చి దాని మీద మన్ను కప్పాను. కప్పుతూ మేడంగారు నిజంగా ఏమన్నారో చెప్పాను. "అనే ఉంటారనుకున్నాను" అంది.

ఆ సాయంత్రమే ఇద్దరం అయ్యగారి దగ్గరికి వెళ్లాం. మా ఆవిడే మాట్లాడింది. జరిగింది జరిగినట్టు చెప్పి, "ఎండుద్రాక్ష ఉడకబెట్టి రసం తీస్తానండి. పండక్కి ముందు రోజు తీసి ఇస్తాను, పులియడానికి టైముండదు" అంది.

అయ్యగారు ఇంకో దారి చెప్పారు. "కాకినాడ సీసాలు ఎలాగూ తెప్పించొచ్చమ్మా. అందరికీ అది ఇచ్చి, మీవారికి విడిగా చిన్న గ్లాసులో ఈ రసం ఇస్తాను. ఎవరికీ తెలీదు" అన్నారు.

"విడిగా వద్దండి" అంది మా ఆవిడ. "విడిగా ఇస్తే ఈయన రెండుసార్లు వస్తారు, మూడోసారి మానేస్తారు. నాకు తెలుసు."

నాకూ తెలుసు. అందరిలో ఒకణ్ని విడిగా చూస్తే, అది ఎంత ప్రేమగా చూసినా, నేను ముందు చర్చి మానేస్తాను, తర్వాత ఇంట్లో మాట్లాడడం మానేస్తాను, ఆ తర్వాత సంగతి చెప్పనక్కర్లేదు.

"పెద్దలు కారణం అడుగుతారమ్మా" అన్నారాయన.

"నేనే కారణమని చెప్పండి అయ్యగారూ" అన్నాను. "అందరికీ తెలిసిందే కదండి. జ్వరం కాదని ఒకసారి పైకి అనేస్తే నాకూ సుఖంగా ఉంటుంది."

మర్నాడు చెరువుల ఆసామికి కూడా ఫోన్ చేసి కామెర్లు కావని చెప్పేశాను. "మరదేదో ముందే చెబితే సరిపోను కదండి, ఆ చేదంతా తాగేరేంటండి" అన్నారు. ఆ తర్వాత ఆయన చెరువు పట్టుబడి రోజున గట్టు మీద నాకోసం కొబ్బరిబొండాలు దింపించి ఉంచారు. నేను తాగేదాకా తానూ సీసా మూత తీయలేదు.

క్రిస్మస్ ముందురోజు మా ఇల్లంతా ఎండుద్రాక్ష ఉడికిన వాసన. పాయసం కాచినట్టుంది. మా ఆవిడ వడకట్టిన రసం రుచి చూసి మొహం ముడిచింది. "చప్పగా ఉంది. పానకంలా ఉంది. ఏమనుకుంటారో" అని పదిసార్లు అంది. ఆవిడకు అది చిన్న దిగులు కాదు. అన్నేళ్ల పేరు ఒక్క పొద్దున్నే పోతుందని ఆవిడ భయం.

పండుగ పొద్దున చర్చి కిటకిటలాడింది. ప్రసంగం అయ్యాక అయ్యగారు పుస్తకం మూసి, "ఈ పండుగ నుంచి మన సంస్కారంలో పులియని రసం ఇస్తున్నాం. తాగుడు మాని మన మధ్యకు తిరిగి వచ్చిన ఒక సహోదరుని కోసం సంఘం ఈ మార్పు చేసుకుంది" అన్నారు. నా పేరు చెప్పలేదు. చెప్పకపోయినా తలలన్నీ నా వైపు తిరిగాయి. నా చెవులు వేడెక్కాయి. ముందు వరసలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి నన్ను చూస్తూ ఉంది.

పాట మొదలైంది. జనం కదిలారు. నేను లేచి వరసలో నిలబడ్డాను. అప్పుడు హెడ్మాస్టారు ఎప్పటిలాగే పక్క గుమ్మం వైపు నడిచారు. గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగారు. తలుపు మీద చెయ్యి వేసి కొంతసేపు అలాగే ఉన్నారు. తర్వాత వెనక్కి తిరిగి మధ్య దారిలోకి వచ్చి, నా వెనక నిలబడ్డారు.

పాడుతున్నవాళ్లు కొందరు పాడడం మరిచిపోయారు. నేను కటకటాల దగ్గర మోకాళ్లూనాను. ఆయన నా పక్కన ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని కష్టం మీద దిగారు. అయ్యగారు అప్పం ఇచ్చారు. గిన్నె నాకు అందించారు. చప్పగా, తియ్యగా, కొంచెం లవంగం వాసనతో గొంతు దిగింది. ఒంట్లో ఏమీ లేవలేదు. గిన్నె ఆయన పెదవుల దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని తాగారు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి వచ్చాయి, తుడుచుకోలేదు.

బయట అందరూ పండుగ శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే ఆయన మా ఆవిడను వెతుక్కుంటూ వచ్చారు.

"అమ్మా, తాగుడు మానేశాక ఆ గిన్నె దగ్గరికి రావడం ఇదే మొదటిసారి" అన్నారు. మామూలు గొంతుతో, పాఠం చదివినట్టే అన్నారు. "ఒక్క గుక్క పడితే మళ్లీ మొదలవుతుందని భయం. మా ఇంటావిడకి ఒక్కదానికే తెలుసు."

"ఒక్క మాట చెప్పుంటే అప్పుడే మార్చేసేదాన్ని కదండీ మాస్టారూ" అంది మా ఆవిడ.

"ఎలా చెప్పనమ్మా. హెడ్మాస్టర్ని కదా."

నేను వేసిన జోకులన్నీ నాకు గుర్తొచ్చాయి. పీరియడు జోకు, గోడ పంతం జోకు. వానలో గొడుగు వేసుకుని గంట స్తంభం దగ్గర నిలబడ్డ ఆయన్ని లోపలి నుంచి చూసి నవ్విన రోజు కూడా గుర్తొచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "మురబ్బా అయిపోయిందా, ఉందా?" అన్నారు. అయిపోయిందన్నాను. జేబులోంచి కొత్త పొట్లం తీసి ఇచ్చారు. ఆ జేబులో అది ఎప్పుడూ ఉంటుందని అప్పుడర్థమైంది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ పట్టుచీర కూడా మార్చుకోకుండా పెరటి గట్టు మీద కూర్చుండిపోయింది. పక్కనే జాడీ బోర్లించి ఉంది.

"భలే కుదిరిందని అందరూ అంటుంటే పొంగిపోయేదాన్నండి" అంది. "నేను పొంగిపోయిన ప్రతిసారీ ఆయన బయట నిలబడి ఉన్నారు. వాళ్లావిడ నా పక్కనే కూర్చునేది, ఆవిడా ఒక్క మాట అనలేదు. మీలాంటి మనిషితో కాపురం చేస్తూ నాకు తట్టలేదు చూడండి."

నాకూ తట్టలేదని చెప్పాను. ఊళ్లో తాగుబోతును నేనొక్కణ్నే అనుకున్నాను, మానినవాణ్ని కూడా నేనొక్కణ్నే అనుకున్నాను. రెండోది నన్ను ఇంకా ఎక్కువ ఒంటరిని చేసింది. ఆవిడ విని, లేచి, బిర్యానీ పొయ్యి మీదికి ఎక్కించడానికి వెళ్లింది.

చెరువులకు పండుగ తెలియదు. ఆ సాయంత్రం ఒక లోడు ఉంటే ఫ్యాక్టరీకి వెళ్లాను. దారి పొడవునా ఇళ్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లు పిలిచారు. ఒకరిద్దరి చేతుల్లో గ్లాసులున్నాయి. "నేను మానేశానండి" అన్నాను, కామెర్లనలేదు. ఒకాయన నొచ్చుకున్నారు, ఒకాయన కేకు ముక్క పెట్టారు. లోడు పంపించి చీకటి పడే వేళకు ఇంటికి వచ్చాను. మా డాబా మీద నక్షత్రం వెలుగుతోంది.

మా ఆవిడ గుమ్మంలో ఉంది. దగ్గరికి వచ్చి నిలబడింది. పండుగ పూట అడగడానికి మొహమాటపడుతోందని తెలిసి నేనే వంగి నోరు తెరిచాను. వాసన చూసింది.

"అల్లం" అంది.

"రేపు కూడా చూడు" అన్నాను.

"చూస్తాను" అంది, చెయ్యి చాపింది. పొట్లం విప్పి ఆవిడకూ ఒక ముక్క ఇచ్చాను.